95 శాతం అంటే చాలదు, దేంట్లో అని అడగండి



పేరెంట్ టీచర్ మీటింగుల్లో మార్కుల సంగతి అయిపోయాక, కుర్చీలోంచి లేవబోతూ మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "మావాణ్ని సాఫ్ట్‌వేర్ వైపు పంపితే మంచిదా, ఏఐ వైపు పంపితే మంచిదా?" పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు అడిగితే సరే అనుకోవచ్చు. ఇప్పుడు ఆరో తరగతి వాళ్లూ అడుగుతున్నారు. ఆ ప్రశ్న వెనక మీ కష్టార్జితం ఉంది, రేపు ఏమవుతుందో అన్న బెంగ ఉంది. అందుకే ఏదో ఒకటి చెప్పి పంపించెయ్యకుండా, ఈ నెల న్యూస్‌లెటర్‌లో తీరిగ్గా జవాబు రాస్తున్నాను. ఇది నా సొంత అభిప్రాయం మాత్రమేనని ముందే మనవి.

ఆ రెండూ వేర్వేరు దారులనీ, ఇప్పుడే ఏదో ఒకటి ఎంచుకోవాలనీ అనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతోందని నేను అనుకుంటున్నాను. కంప్యూటర్ సైన్స్ బాగా చదివే విద్యార్థి రెండు పనులూ చేస్తాడు. ఒక పూట నలుగురికి పనికొచ్చే ప్రోగ్రాం కడతాడు, ఇంకో పూట యంత్రానికి కొత్త విషయం ఎలా నేర్పాలా అని ప్రయోగాలు చేస్తాడు. రెండింటికీ కావలసిన అసలు అలవాటు ఒకటే. తను చేసింది నిజంగా పనిచేస్తోందా అని తనే అనుమానపడి, కొలిచి చూసుకోవడం. ఆ అలవాటు ఏ క్రాష్ కోర్సులోనూ అమ్మరు.

నేను ఇంగ్లిష్ టీచర్‌ని. ఎక్కువగా ఈ న్యూస్‌లెటర్ ఇంగ్లిష్ పేజీలకే రాస్తుంటాను. ఈసారి తెలుగు పేజీ అడిగి తీసుకోవడానికి కారణం ఉంది, కాసేపట్లో అక్కడికి వస్తాను. ముందు ఒక ఉదాహరణ. మన బ్రాంచి పిల్లల్లో కొందరి ఇళ్లవాళ్లకు మోండా మార్కెట్లో దుకాణాలున్నాయి. మిగతావాళ్లలో చాలామంది కూరగాయలకు వెళ్లేదీ అక్కడికే. కాబట్టి ఉదాహరణ కూడా అక్కడిదే తీసుకుందాం.

మార్కెట్లో ఒక ప్రాజెక్టు

మీ అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరంలో ఉందనుకోండి. మోండా మార్కెట్ వ్యాపారుల కోసం ఒక మొబైల్ యాప్ చెయ్యాలనుకుంది. అమ్మకం జరగ్గానే వ్యాపారి ఫోన్ దగ్గర నోటితో చెబితే చాలు, లెక్క దానంతట అదే రాసుకోవాలి. "ఉల్లిగడ్డ కిలోన్నర, అరవై" అంటే ఏ సరుకు, ఎంత తూకం, ఎన్ని రూపాయలు అన్నది మూడు గళ్లలో పడాలి. రాత్రి దుకాణం కట్టేసే ముందు మొత్తం ఎంతైందో చూపించాలి.

ఇందులో రెండు రకాల పని ఉంది. మాటను విని అది ఏ మాటో గుర్తుపట్టడం మెషిన్ లెర్నింగ్ పని. దానికి ఎవరూ "ఇలా వినిపిస్తే ఇది రాయి" అని సూత్రాలు రాసిపెట్టరు. వందలు, వేలకొద్దీ రికార్డింగులు ఇచ్చి, ఒక్కోదానిలో ఏం చెప్పారో రాసి ఇస్తే, యంత్రం వాటిలోని పోలికల్ని పట్టుకుని నేర్చుకుంటుంది. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్. లెక్క పోకుండా దాచడం, తప్పు పడితే దిద్దుకునే వీలివ్వడం, సిగ్నల్ లేనప్పుడూ పనిచేసేలా చూడడం, నాలుగు వేల రూపాయల తేడా వస్తే ఎక్కడ వచ్చిందో వెతికి పట్టుకునేలా కట్టడం.

బయటినుంచి చూస్తే మొదటిది గొప్ప పని, రెండోది మామూలు పని అనిపిస్తుంది. దుకాణదారుడి వైపు నుంచి చూడండి. మాట ఎంత బాగా గుర్తుపట్టినా, వాన పడి సిగ్నల్ పోగానే సాయంత్రం లెక్కంతా ఎగిరిపోతే ఆ యాప్‌ని ఆయన మర్నాడు ముట్టుకోడు. 2015లో గూగుల్ ఇంజనీర్లు కొందరు ఒక పరిశోధనా పత్రంలో ఇదే సంగతి రాశారు. నిజంగా వాడకంలో ఉన్న మెషిన్ లెర్నింగ్ వ్యవస్థల్లో నేర్చుకునే భాగం చాలా చిన్నదని, దాని చుట్టూ ఉండే సమాచార సేకరణ, సరిచూడడం, నడిపించడం, కనిపెట్టుకుని ఉండడం చాలా పెద్దవని. "ఏఐ మాత్రమే చదువుతా, మిగతావి అక్కర్లేదు" అనే పిల్లవాడు ఆ చిన్న భాగానికే పనికొస్తాడు.

ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ

ఇప్పుడు మీ అమ్మాయి రికార్డింగుల కోసం మార్కెట్‌కి వెళ్తుంది. అక్కడ తెలుగు పాఠ్యపుస్తకంలోని మాటలు సగమే పనికొస్తాయి. ఒకరు ఉల్లిగడ్డ అంటారు, ఒకరు ఎర్రగడ్డ, ఇంకొకరు నీరుల్లి, పక్క దుకాణంలో ప్యాజ్. ఆలుగడ్డ అన్నా, బంగాళాదుంప అన్నా, ఉర్లగడ్డ అన్నా ఒకటే. గోంగూరను పుంటికూర అనేవాళ్లున్నారు. సొరకాయను ఆనపకాయ అనేవాళ్లున్నారు. అదే సొరకాయను హైదరాబాద్ ఉర్దూలో కద్దూ అంటారు. మన ఊరి కద్దూ కీ ఖీర్ చేసేది సొరకాయతోనే. ఢిల్లీ హిందీలో కద్దూ అంటే గుమ్మడికాయ. ఉత్తరాది హిందీ మాత్రమే విని నేర్చుకున్న యంత్రాన్ని మోండా మార్కెట్లో పెడితే, సొరకాయ అమ్మినప్పుడల్లా గుమ్మడికాయ ఖాతాలో రాస్తుంది. కోడ్ ఎంత వెతికినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు కోడ్‌లో లేదు.

తూకాల సంగతి ఇంకా ఉంది. పావు అంటే 250 గ్రాములు, అద్దపావు అంటే 125, ముప్పావు అంటే 750, కిలోంపావు అంటే 1,250, కిలోన్నర అంటే 1,500. పక్కనే ఇంకొకాయన అదే 1,500ని డేఢ్ కిలో అంటాడు, 2,500ని ఢాయి కిలో అంటాడు. ఆకుకూర దగ్గర తూకమే ఉండదు, కట్ట లెక్క. "పదికి మూడు" అంటే పది రూపాయలకు మూడు కట్టలు. "మూడు, పది" అని వేగంగా అంటే? మూడు కట్టలు పది రూపాయలకా, కట్ట పది చొప్పున మూడు కట్టలా? కొనేవాళ్లకు, అమ్మేవాళ్లకు ఏ సందేహమూ ఉండదు. యంత్రానికి మాత్రం ఎవరో ఒకరు విడమర్చి చెప్పాలి.

ఆ చెప్పగలిగినవాళ్లు ఎవరు? సెలవు రోజు నాన్న పక్కన గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పిల్లలు. అమ్మ వెనకే సంచి పట్టుకుని తిరిగిన పిల్లలు. "మా పిల్లల్ని దుకాణం దగ్గరికి రానివ్వం మేడమ్, చదువు పాడవుతుంది" అని కొందరు గర్వంగా చెబుతుంటారు. చదువు మాని దుకాణంలో కూర్చోమని నేనూ అనను. నెలకో రెండు ఆదివారాలు ఒక గంట కూర్చుంటే పాడయ్యే చదువు మాత్రం చదువు కాదు.

తొంభై ఐదు మార్కుల యంత్రం

ఇక్కడినుంచి కాస్త శ్రద్ధగా చదవమని మనవి, ఎందుకంటే ఈ భాగం మార్కుల గురించి.

మీ అమ్మాయి వంద రికార్డింగులతో యంత్రాన్ని పరీక్షించింది. 95 సరిగ్గా చెప్పింది. 95 శాతం! ఇంట్లో స్వీట్లు పంచాల్సిన సందర్భమే. కానీ ఆ వందలో 95 ఉల్లిగడ్డవి, ఐదే ఎల్లిగడ్డవి అనుకోండి. అప్పుడు అసలేమీ వినకుండా, ప్రతిదానికీ కళ్లు మూసుకుని "ఉల్లిగడ్డ" అని రాసే యంత్రానికీ 95 శాతమే వస్తుంది. ఎల్లిగడ్డ దగ్గర దానికి వచ్చేది సున్న. ఎల్లిగడ్డ ధర ఉల్లిగడ్డ ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి, దుకాణదారుడికి నష్టం వచ్చేది సరిగ్గా ఆ ఐదింటి దగ్గరే.

ఇంకో రకం ఉచ్చు ఉంది. పది మంది వ్యాపారుల దగ్గర వందేసి మాటలు రికార్డు చేసింది. వెయ్యి మాటల్నీ కలిపేసి, ఎనిమిది వందలతో నేర్పించి, మిగతా రెండు వందలతో పరీక్ష పెట్టింది. ఫలితం బ్రహ్మాండం. పదకొండో వ్యాపారి దగ్గరికి తీసుకెళ్తే బోల్తా. ఎందుకు? పరీక్షలో వచ్చిన గొంతులన్నీ పాఠంలో విన్న గొంతులే. యంత్రం మాటను కాకుండా మనిషిని గుర్తుపెట్టుకుంది. సరిగ్గా చెయ్యాలంటే ఎనిమిది మంది వ్యాపారులతో నేర్పించి, ఎన్నడూ వినని మిగతా ఇద్దరితో పరీక్ష పెట్టాలి. అప్పుడు శాతం తగ్గుతుంది. కానీ ఆ తగ్గిన అంకె నిజం చెబుతుంది. నిజాయితీగల విద్యార్థి తన రిపోర్టులో ఆ తక్కువ అంకెనే రాస్తుంది.

ఇది వింటుంటే మీకు మన స్లిప్ టెస్టులు గుర్తొచ్చాయా? నాకు గుర్తొస్తాయి. మెటీరియల్‌లో ఉన్న ప్రశ్నే, అవే అంకెలతో పరీక్షలో ఇస్తే 95 తెచ్చుకునే పిల్లలు, అదే లెక్కలో రైలు బదులు ఆటో అని రాస్తే ఆగిపోతారు. ఇంగ్లిష్‌లోనూ అంతే. ముందే రాయించిన వ్యాసం వస్తే పేజీలు నింపుతారు. "నిన్న సాయంత్రం నువ్వు చూసిన ఒక గొడవ గురించి రాయి" అంటే పెన్ను కదలదు. యంత్రం ఇలా చేస్తే కంప్యూటర్ వాళ్లు దాన్ని ఓవర్‌ఫిట్టింగ్ అని ఒక జబ్బుగా పేరుపెట్టి మందు వెతుకుతారు. పిల్లలు చేస్తే మనం ర్యాంకు కార్డు మీద స్టార్ అతికిస్తున్నాం. మనం అంటే స్కూలు కూడా, మీరు కూడా.

కాటూరు నుంచి స్టాన్‌ఫర్డ్ దాకా

"ఇవన్నీ చెప్పడానికి బాగుంటాయి, మనవాళ్లు ఎవరైనా ఇలా పైకొచ్చారా?" అంటారేమో. ఒక పేరు మీ అందరికీ తెలియాలి. దబ్బల రాజగోపాల్ రెడ్డి. ప్రపంచం ఆయన్ని రాజ్ రెడ్డి అంటుంది. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో 1958లో ఆయన పూర్తిచేసింది సివిల్ ఇంజనీరింగ్. తర్వాత ఆస్ట్రేలియాలో ఎంటెక్ చేసి, అక్కడే ఐబీఎంలో కొన్నేళ్లు ఉద్యోగం చేశారు. ఆ తర్వాతే అమెరికా వెళ్లి, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర చేరి, కంప్యూటర్‌కి మనిషి మాట వినిపించడం మీద పరిశోధన చేసి 1966లో పీహెచ్‌డీ తీసుకున్నారు. 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. ఆసియా నుంచి ఆ అవార్డు అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే.

ఆ అవార్డు ఎందుకిచ్చారో చూడండి. పెద్ద ఎత్తున పనిచేసే ఏఐ వ్యవస్థల్ని రూపొందించి, కట్టి చూపించినందుకు. ఆలోచించినందుకు మాత్రమే ఇవ్వలేదు, కట్టినందుకు కూడా. సివిల్ ఇంజనీరింగ్, ఉద్యోగం, పరిశోధన, ఏదీ వృథా పోలేదు. ఆరో తరగతిలో ఎవరూ ఆయన్ని "సాఫ్ట్‌వేరా, ఏఐనా" అని అడగలేదు. అప్పటికి ఆ మాటలే పుట్టలేదు. మీ పిల్లలు ముప్పై ఏళ్ల వయసులో చేసే పనికి కూడా ఇవాళ పేరు లేకపోవచ్చు.

ఆయన దగ్గర చదివిన విద్యార్థుల సంగతి ఇంకా నేర్చుకోదగ్గది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1970లలో ఆయన బృందం హియర్‌సే అనే వ్యవస్థ చేసింది. జేమ్స్ బేకర్ అనే విద్యార్థి సంభావ్యతల లెక్కల మీద నడిచే డ్రాగన్ అనే మరో వ్యవస్థ చేశాడు. బ్రూస్ లోవెర్ అనే ఇంకో విద్యార్థి ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి, దేంట్లో ఏది బాగుందో పరిశీలించి, రెండింటిలోని మంచినీ కలిపి 1976లో హార్పీ అనే వ్యవస్థ కట్టాడు. అది 1,011 పదాల పరిధిలో మాటల్ని అర్థం చేసుకోగలిగింది. విన్న ధ్వనికి ఉన్న అన్ని అర్థాలనూ చివరిదాకా వెతక్కుండా, ప్రతి అడుగులో ఆశాజనకంగా ఉన్న కొన్నింటినే పట్టుకుని ముందుకెళ్లే పద్ధతి అందులో వాడాడు. మార్కెట్లో అడుగుపెట్టగానే ప్రతి దుకాణంలోనూ బేరమాడకుండా, సరుకు బాగున్న నాలుగు దుకాణాల్నే చూసుకుని వాటి మధ్య తేల్చుకుంటారే, అలాంటిదే. ఆ పద్ధతి నేటికీ వాడకంలో ఉంది. ఇది పరిశోధనా, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగా? రెండూ. ఎక్కడ గీత గీస్తారు?

1980ల చివర్లో కైఫూ లీ అనే విద్యార్థి, ముందుగా గొంతు పరిచయం లేని మనిషి మాట్లాడినా గుర్తుపట్టే స్ఫింక్స్ అనే వ్యవస్థ చేశాడు. గురువు నమ్మింది ఒక దారి, శిష్యుడు వెళ్తానన్నది ఇంకో దారి. అయినా రాజ్ రెడ్డి తనను అడ్డుకోలేదని, కావలసినవన్నీ సమకూర్చారని లీ తర్వాత చెప్పుకున్నాడు. ఈ సంగతి టీచర్లమైన మాకూ పాఠమే, తల్లిదండ్రులైన మీకూ పాఠమే.

మన ఊళ్లోనూ ఈ దారి ఉంది. 1998లో గచ్చిబౌలిలో మొదలైన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పాలకమండలికి రాజ్ రెడ్డి చాలా ఏళ్లు అధ్యక్షులుగా ఉన్నారు. అక్కడ బీటెక్‌తో పాటు పరిశోధనతో కూడిన ఎంఎస్ కలిపి ఐదేళ్లలో చదివే కోర్సులున్నాయి. కంప్యూటర్ సైన్స్‌నీ భాషాశాస్త్రాన్నీ కలిపి చదివే కోర్సు కూడా ఉంది. అంటే మంచి ప్రోగ్రాం రాయడం, పరిశోధన చెయ్యడం, భాషను పట్టించుకోవడం ఒకే విద్యార్థి చెయ్యాల్సిన పనులని అక్కడ గుర్తించారు.

ఇంగ్లిష్ టీచర్ తెలుగు గురించి చెప్పే మాట

ఇప్పుడు తెలుగు పేజీ ఎందుకు అడిగానో చెబుతాను.

కంప్యూటర్ అక్షరాలను అంకెలుగా దాచుకుంటుంది. అందరూ ఎక్కువగా వాడే పద్ధతిలో ఒక ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అయితే హల్లుకు మూడు బైట్లు, దాని మీద గుణింతపు గుర్తుకు మూడు, సున్నకు మూడు. "మోండా" అన్న చిన్న మాట తెలుగులో రాస్తే 15 బైట్లు, ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఐదు. పెద్ద భాషా మోడళ్లు మాటల్ని ముక్కలు చేసి చదువుతాయి. మొదట్లో వచ్చిన మోడళ్లలో ఒక తెలుగు అక్షరమే రెండు మూడు ముక్కలయ్యేది. ముక్కలు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, అర్థం పట్టుకోవడం కష్టమవుతుంది. పైగా ఇంటర్నెట్‌లో ఇంగ్లిష్ రాత సముద్రమంత ఉంటే, తెలుగు రాత చెరువంత. మార్కెట్లో మాట్లాడే తెలుగైతే రాతలోకే రాలేదు.

ఈ లోటు ఎవరు తీర్చాలి? హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ ఇంజనీరింగ్ విద్యార్థుల్ని పెద్ద సంఖ్యలో కూడగట్టి, తెలుగు కథల్ని సేకరించి, అక్షరం అక్షరం సరిచూసి, చందమామ కథల పేరుతో తెలుగులో కథలు చెప్పే ఒక మోడల్ కోసం పనిచేసింది. కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి పేరుతో భారతీయ భాషలకు అనువాద, వాక్ సాంకేతికతలను తెచ్చే కార్యక్రమం ప్రారంభించింది. ఇలాంటి ప్రతి పనిలోనూ, యంత్రం రాసిన తెలుగు వాక్యం చూసి "ఇది తప్పు, మనం ఇలా అనం" అని చెప్పగలిగే యువత కావాలి.

మరి మనం ఏం చేస్తున్నాం? 2018 నాటి చట్టం వల్ల తెలంగాణలో పదో తరగతి దాకా తెలుగు ఉంది. ఇంటర్‌కి రాగానే మార్కులు బాగా పడతాయని సంస్కృతం తీసుకుంటాం. సంస్కృతం మీద ప్రేమతో తీసుకుంటే ఎంతో సంతోషం. 99 వస్తుందని తీసుకుంటే, అది ఎల్లిగడ్డ వినకుండా తెచ్చుకున్న 95 లాంటిదే. ఇంట్లో కూడా "ఇంగ్లిష్‌లోనే మాట్లాడు" అని పిల్లల్ని గద్దించే వాళ్లున్నారు. ఇంగ్లిష్ నేర్పించడం నా ఉద్యోగం, ఆ పని నేను చేస్తాను. పరిశోధన పత్రాలు చదవడానికి, ప్రపంచంతో మాట్లాడడానికి ఇంగ్లిష్ కావాల్సిందే. ఇంట్లో మాత్రం మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి. ఒక భాషలో వాదించడం, వివరించడం, నవ్వించడం వచ్చిన పిల్లలకు రెండో భాష నేర్పడం నాకు తేలిక. ఏ భాషలోనూ పూర్తి వాక్యం రాని పిల్లలకు నేర్పడమే కష్టం.

మీ అభ్యంతరాలు

"ఇప్పుడు ఏఐయే కోడ్ రాసేస్తోంది కదా, ఇక సాఫ్ట్‌వేర్ ఎందుకు?" అని కొందరు తండ్రులు అడిగారు. సరైన ప్రశ్నే, భయమూ సహజమే. మామూలు ప్రోగ్రాం రాయడం యంత్రం చేసిపెడుతున్నప్పుడు, కేవలం రాయడం వచ్చినవాళ్లకు విలువ తగ్గుతుంది. అది రాసినదాంట్లో తప్పు పట్టగలిగినవాళ్లకు తగ్గదు. "95 శాతం" అని యంత్రం చెప్పగానే "దేంట్లో?" అని అడిగే మనిషి ఎప్పుడూ కావాలి. ఆసుపత్రిలో స్కానింగ్ చూసే యంత్రమైనా, బ్యాంకులో అప్పు ఎవరికివ్వాలో చెప్పే యంత్రమైనా, ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేకపోతే దెబ్బ తినేది మనలాంటి మామూలు మనుషులే.

"అందరు పిల్లలూ పరిశోధకులు కాలేరు కదా?" నిజమే. కానక్కర్లేదు కూడా. బీకాం చదివి దుకాణం చూసుకునే పిల్లవాడికి కూడా, లెక్క కుదరనప్పుడు తప్పు ఎక్కడుందో ఓపికగా వెతికే అలవాటు అన్నం పెడుతుంది.

ఇంట్లో మొదలుపెట్టదగ్గవి

పెద్ద ఖర్చు లేని నాలుగు పనులు చెబుతాను. ఏఐ సర్టిఫికెట్ కోర్సుకు ఫీజు కట్టే ముందు వీటిని ప్రయత్నించి చూడండి.

మొదటిది. మార్కులు చెప్పగానే "ఎన్ని?" తర్వాత ఇంకో ప్రశ్న వెయ్యండి. "పోయిన ఐదూ ఎక్కడ పోయాయి, ఎందుకు పోయాయి?" కోప్పడకుండా అడగండి. కోప్పడితే దాచడం నేర్చుకుంటారు. తప్పు దాచే అలవాటున్నవాళ్లు మంచి ఇంజనీరూ కాలేరు, మంచి పరిశోధకులూ కాలేరు.

రెండోది. సైన్స్ ఫెయిర్‌కి రెడీమేడ్ మోడల్ కొని ఇవ్వకండి. వంకరగా ఉన్నా, వెలగకపోయినా వాళ్లు చేసిందే పంపండి. "మొదట ఇలా చేశాను, పనిచెయ్యలేదు, తర్వాత ఇలా మార్చాను" అని ఒక పేజీ రాయించండి. మా టీచర్లం ఆ పేజీకి మార్కులివ్వడం నేర్చుకోవాలి. స్టాఫ్ మీటింగులో ఈ మాట నేను అడగబోతున్నాను, మీరూ అడగండి.

మూడోది. నెలకోసారి మార్కెట్‌కి తీసుకెళ్లి చిన్న నోట్‌బుక్ చేతికివ్వండి. ఒకే కూరకు ఎన్ని పేర్లు విన్నారు, ఏ దుకాణంలో ధర ఎంత, నాలుగు వారాల్లో ఎలా మారింది అని రాయమనండి. ఎనిమిదో తరగతి పిల్లలైతే గ్రాఫ్ గీస్తారు. సమాచారం సేకరించడం, వర్గీకరించడం, తేడా కనిపెట్టడం అంటే అదే. ఎవరి మాటైనా ఫోన్‌లో రికార్డు చేయాలనుకుంటే ముందు వాళ్లనడిగి, ఒప్పుకుంటేనే చేయమని చెప్పండి. ఒకరి గొంతు వాళ్ల సొత్తు. పెద్ద పెద్ద కంపెనీలు మర్చిపోతున్న ఈ మర్యాద మన పిల్లలు చిన్నప్పుడే నేర్చుకోవాలి.

నాలుగోది. లెక్కల్లో సంభావ్యత, గణాంకాలు అనే అధ్యాయాలు వచ్చినప్పుడు "వెయిటేజీ తక్కువ" అని వదిలెయ్యనివ్వకండి. మెషిన్ లెర్నింగ్‌కి పునాది అక్కడే ఉంది.

ఈ నాలుగూ చేశాక మీ అబ్బాయి సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తాడా, ఏఐ వైపు వెళ్తాడా, అసలు కంప్యూటర్ జోలికే వెళ్లడా అన్నది వాడే తేల్చుకుంటాడు. అప్పటికి వాడికి అడగడం వచ్చి ఉంటుంది. వచ్చే శనివారం మీటింగ్‌కి వచ్చినప్పుడు ప్రోగ్రెస్ కార్డు తెరిచి, శాతం ఉన్న గడిని కాసేపు వదిలేసి, మీ బిడ్డ ఏ రకం ప్రశ్న దగ్గర తడబడుతోందో మమ్మల్ని అడగండి. మేం చెప్పలేకపోతే, చెప్పేదాకా కూర్చోండి.

– ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం, సికింద్రాబాద్ బ్రాంచి